పడిన సర్వీసును ఎవరు లేపాలి? అన్సిబులా, పపెట్టా?

రొయ్యల గుంట మీద రాత్రి కాపలా ఉండే మనిషికి పని ఒకటే. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే లేచి జనరేటర్ వేయాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. ఆ సమయంలో ఏరియేటర్ ఆగిందంటే పంట పోయినట్టే. ఆ మనిషికి ఏరియేటర్ రిపేరు రానక్కర్లేదు. దానికి ఎలక్ట్రీషియన్ వేరే ఉంటాడు, ఫోన్ చేస్తే బండేసుకుని వస్తాడు.

నా పని రొయ్యలు కాదు. నెల్లూరు మినీ బైపాస్ మీద ఒక చిన్న ఆఫీసులో మేత డీలర్లకు, హ్యాచరీలకు బిల్లింగు, స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతాం. డేటా సెంటర్‌లో 14 సర్వర్లు ఉన్నాయి. అల్లూరు, ముత్తుకూరు, కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు డీలర్ల కొట్లలో 37 చిన్న లినక్స్ పెట్టెలున్నాయి. వీటన్నిటికీ మనుషులం ముగ్గురం. ప్రతి యంత్రం మీదా ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), టామ్‌క్యాట్ (జావా అప్లికేషన్లు నడిపేది), పోస్ట్‌గ్రెస్ (డేటాబేసు), ఎస్‌ఎంఎస్‌లు పంపే ఒక చిన్న ప్రోగ్రామ్ సర్వీసులుగా, అంటే తెర వెనక ఆగకుండా, నడుస్తూ ఉండాలి. ఈ యంత్రాల బాగోగులు అన్సిబుల్, పపెట్ అనే రెండు టూళ్లలో దేనికి అప్పజెప్పాలన్నది మా ఇంట్లో పండగ భోజనాల దగ్గర కూడా గొడవే. ఒంగోలులో ఉండే మా బావ పపెట్ మనిషి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో వేబ్రిడ్జి కంప్యూటర్లు, ఆఫీసు సర్వర్లు కలిపి ఆయన చేతి కింద నూట నలభై దాకా ఉన్నాయి. నేను అన్సిబుల్ మనిషిని.

మొదట్లో నాకు ఏ టూలూ లేదు. ఒక షెల్ స్క్రిప్టు, దాన్ని అన్ని యంత్రాల మీదా తిప్పే ఒక లూపు. స్క్రిప్టు చెప్పింది చేస్తుంది కానీ అంతకుముందు ఏం జరిగిందో చూసుకోదు. సెట్టింగుల ఫైలు చివర ఒక లైను చేర్చమని రాశాను. మధ్యలో లింకు తెగినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి నడిపాను. ఒక రోజు ముత్తుకూరు పెట్టెలో ఫైలు తెరిచి చూస్తే అదే లైను తొమ్మిది సార్లు ఉంది. అన్సిబుల్, పపెట్ రెండూ పుట్టింది ఈ జబ్బుకు మందుగానే. ‘లైను చేర్చు’ అని కాదు, ‘ఈ ఫైలు ఇలా ఉండాలి, ఈ సర్వీసు నడుస్తూ ఉండాలి’ అని రాస్తాం. అలా ఉంటే ముట్టుకోవు, లేకపోతే సరిచేస్తాయి. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. ఇక్కడిదాకా రెండిటికీ తేడా లేదు. మీది ఇంకా స్క్రిప్టుల కాలమే అయితే రెండిట్లో ఏది పట్టుకున్నా లాభమే.

తేడా ఎక్కడంటే, ఆ సరిచేయడం ఎవరు మొదలుపెడతారన్న దగ్గర.

అన్సిబుల్‌ను మైకేల్ డిహాన్ 2012లో బయటికి తెచ్చారు. 2015లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. అవతలి యంత్రం మీద దీని మనిషి ఎవరూ ఉండరు. నా ల్యాప్‌టాప్ నుంచో, ఆఫీసులోని ఒక సర్వర్ నుంచో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న యంత్రంలోకి భద్రంగా వెళ్లే దారి) మీద వెళ్లి, అక్కడున్న పైథాన్‌తో పని చేయించుకుని వచ్చేస్తుంది. నేను పిలిచినప్పుడే వస్తుంది, అంటే మన ఎలక్ట్రీషియన్ లాగా. పపెట్ లూక్ కేనీస్ 2005లో మొదలుపెట్టినది. ప్రతి యంత్రం మీదా ఏజెంటు అనే ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. మామూలుగా 30 నిమిషాలకోసారి అది తన సర్వర్‌ను 8140 పోర్టు మీద అడుగుతుంది, నేను ఎలా ఉండాలి అని. జవాబుగా వచ్చిన జాబితాతో తన యంత్రాన్ని పోల్చుకుని, తేడా ఉంటే సరిచేస్తుంది. ఎవరూ పిలవనక్కర్లేదు. అది కాపలా మనిషి.

బావ వాదనంతా ఇక్కడే ఉంటుంది. ‘ఏంది బామ్మర్దీ, రాత్రి రెండింటికి సర్వీసు పడిపోతే నీ అన్సిబుల్ ఏం చేస్తుంది? నువ్వు నిద్ర లేచిందాకా అదీ నిద్రపోతుంది గదా’ అంటాడు. మాట నిజమే. ఆయన దగ్గర ఎవరైనా చేత్తో సర్వీసు ఆపేసినా, సెట్టింగులు మార్చినా అరగంట లోపల పపెట్ మళ్లీ మామూలుకు తెచ్చేస్తుంది. నూట నలభై యంత్రాల మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి గెలుకుతూనే ఉంటారు కాబట్టి ఆయనకు అది వరం.

కానీ అదే వరం ఒక రోజు ఆయన్నే పట్టుకుంది. ఒక యూనిట్‌లో బిల్లులు రావడం లేదని వెళ్లి టామ్‌క్యాట్ మెమరీ సెట్టింగు చేత్తో పెంచి, సమస్య తీరిందని టీ తాగడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి పాత సెట్టింగు వచ్చేసింది, సర్వీసు రీస్టార్ట్ అయింది, కాటా దగ్గర లారీలు బారులు తీరాయి. చేత్తో పని చేసేముందు ఏజెంటును డిసేబుల్ చేసి, ఎందుకు చేశామో ఒక ముక్క రాసిపెట్టాలి. ఆ సౌకర్యం పపెట్‌లోనే ఉంది. హడావుడిలో గుర్తుండాలి గదా!

రీస్టార్ట్ విషయంలో అసలు మెలిక ఇది. పపెట్‌లో ప్యాకేజీ, ఫైలు, సర్వీసు ఒకదానికొకటి ముడివేసి రాస్తారు. ఫైలు మారితే సర్వీసుకు కబురు వెళ్తుంది, అది రీస్టార్ట్ అవుతుంది. చక్కగా ఉంటుంది. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి మీరు ఒక చిన్న మార్పు పెట్టారంటే, వచ్చే అరగంటలో ఏ యంత్రం ఎప్పుడు రీస్టార్ట్ అవుతుందో మీ చేతుల్లో ఉండదు. షెడ్యూలు పెట్టొచ్చు, నోఆప్ అనే ఉత్తుత్తి పరుగులో ముందే చూసుకోవచ్చు. ఇవన్నీ నేర్చుకుని పెట్టుకోవాలి. అన్సిబుల్‌లో ఆ టెన్షన్ తక్కువ. సీరియల్ అని ఒక మాట రాస్తే రెండేసి సర్వర్లుగా వెళ్తుంది. మొదటి జతలో రెండూ ఫెయిలైతే తర్వాతి జత దగ్గరికి పోదు, ఒక్కటి ఫెయిలైనా ఆగాలంటే దానికి వేరే సెట్టింగు రాయాలి. నేను స్క్రీను ముందే ఉంటాను. డేటా సెంటర్‌లోని 14 సర్వర్లకు నేను అన్సిబుల్‌ను వదలకపోవడానికి కారణం ఇదొక్కటే.

అన్సిబుల్‌కూ పళ్లున్నాయి, నన్ను కరిచాయి కూడా. సర్వీసు ‘స్టార్టెడ్’గా ఉండాలని రాస్తే నడుస్తున్నదాన్ని ముట్టుకోదు. ‘రీస్టార్టెడ్’ అని రాస్తే నడిపిన ప్రతిసారీ ఆపి లేపుతుంది. మా కుర్రాడు మొదటి వారంలో అన్ని చోట్లా రెండోది రాశాడు. డిస్కులో ఖాళీ ఎంత ఉందో చూడటానికి ప్లేబుక్ (చేయాల్సిన పనులు రాసిన ఫైలు) నడిపినా టామ్‌క్యాట్ లేచి కూర్చునేది. ఫైలు మారితేనే రీస్టార్ట్ కావాలంటే హ్యాండ్లర్ వాడాలి, అంటే మార్పు జరిగిందన్న కబురు వస్తేనే నడిచే పని.

హ్యాండ్లర్‌లో ఇంకో గొయ్యి ఉంది. ఇది ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. హ్యాండ్లర్ వెంటనే నడవదు, ప్లే (ప్లేబుక్‌లోని ఒక పనుల వరస) చివర్లో ఒక్కసారి నడుస్తుంది. ఇంజిన్‌ఎక్స్ ఫైలు మారింది, హ్యాండ్లర్‌కు కబురు వెళ్లింది, ఆ తర్వాత ఇంకేదో టాస్కు ఫెయిలైంది అనుకోండి. ఆ యంత్రం మీద ప్లే అక్కడితో ఆగిపోతుంది, హ్యాండ్లర్ నడవదు. తప్పు దిద్ది మళ్లీ నడిపితే? ఫైలు ఇంతకుముందే మారిపోయింది కాబట్టి ఈసారి మార్పేమీ లేదంటుంది, కబురు వెళ్లదు. డిస్కు మీద కొత్త ఫైలు, మెమరీలో పాత సెట్టింగులు, స్క్రీను మీద అంతా పచ్చరంగు. మాకు ఇది బయటపడటానికి పదకొండు రోజులు పట్టింది. కొత్త సర్టిఫికెట్ (సర్వర్‌కు గుర్తింపు కార్డు లాంటిది) పెట్టామని నిశ్చింతగా ఉన్నాం, పాతది గడువు తీరిన రోజు పొద్దున కావలి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఫోర్స్ హ్యాండ్లర్స్ అనే సెట్టింగు పెడితే మధ్యలో ఫెయిలైనా హ్యాండ్లర్లు నడుస్తాయి. ఫైలు మార్చిన వెంటనే ఫ్లష్ హ్యాండ్లర్స్ రాసినా సరే. ఆ రోజు నుంచి మా ప్లేబుక్‌లన్నిట్లో మొదటిది ఉంటుంది.

ఇంకో చిన్న తేడా. సర్వీసు యూనిట్ ఫైలు (ఆ సర్వీసును ఎలా నడపాలో రాసిన ఫైలు) మార్చినప్పుడు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డికి ఆ సంగతి చెప్పాలి. అన్సిబుల్‌లో మనం రాయాలి, కొత్త పపెట్ తనే చూసుకుంటుంది.

అసలు సర్వీసు పడిపోతే లేపడానికి ఈ రెండూ ఎందుకని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. యంత్రంలోనే సిస్టమ్‌డి ఉంది. యూనిట్ ఫైలులో ఫెయిలైతే రీస్టార్ట్ చేయమని ఒక్క లైను రాస్తే చాలు, అరగంట ఆగక్కర్లేదు, క్షణంలో లేపుతుంది. బావ ఉదాహరణలో రాత్రి రెండింటికి పడిన సర్వీసుకు సరైన మందు పపెట్ కాదు, ఇదే. అయితే దీనికీ ఒక లెక్కుంది. మామూలుగా ఆగిన 100 మిల్లీసెకన్లకే మళ్లీ లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలబడకపోతే చేతులెత్తేస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు తీరంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా పెట్టెల్లో జరిగింది అదే. డేటాబేసు ఇంకా లేవకముందే మా ఎస్‌ఎంఎస్ ప్రోగ్రామ్ లేచి, అది దొరక్క పడి, ఐదుసార్లు అలాగే చేసి, ఇక లేవలేదు. రీస్టార్ట్‌కు మధ్య విరామాన్ని 30 సెకన్లు చేశాక ఆ బాధ పోయింది. ఆ లైనును 37 పెట్టెలకూ చేర్చే పని మాత్రం టూల్‌దే. ఈ మాట చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ లైనును ఎవరైనా తీసేస్తే?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

డీలర్ల పెట్టెల దగ్గరికి వచ్చేసరికి నా అన్సిబుల్ పొగరు దిగింది. అవన్నీ 4జీ డాంగిళ్ల మీద నడుస్తాయి. మొబైల్ నెట్‌వర్క్‌లో వాటికి సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు. లోపలి నుంచి బయటికి పోగలవు, బయటి నుంచి నేను లోపలికి పోలేను. తలుపు లోపల గడియ వేసి ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చి ఏం చేస్తాడు? ఇలాంటి చోట లోపల ఉన్నవాడే బయటికి వచ్చి అడిగే పద్ధతి కావాలి. పపెట్ పుట్టుకతోనే అలాంటిది. విపిఎన్ వేసి అన్సిబుల్‌ను లోపలికి పంపొచ్చు. కానీ నేను నడిపిన రాత్రి ఏ పెట్టె ఆఫ్‌లో ఉందో దానికి మార్పు అందదు, మళ్లీ గుర్తుపెట్టుకుని నడపాలి. పపెట్ ఏజెంటుకు ఆ చింత లేదు, కరెంటు వచ్చినప్పుడు తనే అడిగి తెచ్చుకుంటుంది.

అందుకని గత వేసవిలో ఆరు పెట్టెల మీద పపెట్ పెట్టి చూశాను. దాని సర్వర్ జావా మీద నడిచేది, మామూలు అమరికలోనే 2 జీబీ మెమరీ దానికే పోతుంది. అది భరించొచ్చు. భరించలేనిది సర్టిఫికెట్ల గొడవ. ఏజెంటు, సర్వర్ ఒకరినొకరు సర్టిఫికెట్లతో గుర్తుపడతాయి. కొత్తపట్నం పెట్టెలో మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని గడియారం ఏళ్ల వెనక్కి పోయేది. ఆ గడియారం ప్రకారం సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు! ఏజెంటు మాట్లాడనంది. గడియారం సరిచేసే టైమ్ సర్వీసు ఆ పెట్టెలో ఆగిపోయి ఉంది. దాన్ని లేపాల్సింది ఎవరు? పపెట్టే.

సాల్ట్, షెఫ్ అనే ఇలాంటి టూళ్ల గురించి అడుగుతారేమో. సాల్ట్‌లో యంత్రం మీద ఉండే మినియన్ అనే ఏజెంటు తనే సర్వర్‌కు కట్టుకుని ఉంటుంది కాబట్టి మనం పిలిస్తే వెంటనే పలుకుతుంది, మా 4జీ పెట్టెలకు బాగానే కుదిరేది. కానీ మా ముగ్గురిలో ఎవరికీ రాదు. షెఫ్‌కు రూబీలో రాయాలి. బావ కూడా దాని జోలికి పోలేదు.

చివరికి పెట్టెల మీద నేను పెట్టింది అన్సిబుల్ పుల్. అదే అన్సిబుల్, కానీ తిరగేసి నడుస్తుంది. ప్రతి పెట్టె గంటకోసారి గిట్ (ఫైళ్లను, వాటి మార్పులను దాచే చోటు) నుంచి ప్లేబుక్ తెచ్చుకుని తన మీద తనే నడుపుకుంటుంది. అన్నీ ఒకేసారి ఎగబడకుండా స్లీప్ పెట్టి కొంచెం అటూ ఇటూ జరిపాను. ‘గిట్‌లో మార్పు ఉంటేనే నడువు’ అనే ఆప్షన్ ఒకటి ఉంది, చూడ్డానికి పొదుపుగా కనిపిస్తుంది. నేను వాడలేదు. అది పెడితే ఎవరైనా చేత్తో గెలికినది సరికాదు, కాపలా మనిషి ఉత్తరం వస్తేనే లేస్తాడు. గడియారం తప్పితే హెచ్‌టీటీపీఎస్ మీద గిట్ కూడా ఏడుస్తుంది కాబట్టి గిట్‌ను ఎస్‌ఎస్‌హెచ్ కీ మీద పెట్టాను. లోపాలున్నాయి. ఏ పెట్టె ఎప్పుడు ఫెయిలైందో చూపించే రిపోర్టు పపెట్‌కు ఉన్నట్టు దీనికి లేదు, ఒక చిన్న స్క్రిప్టు నేనే రాసుకున్నాను. ప్రతి పెట్టెలో గిట్ కీ ఉంటుంది, పెట్టె ఎవరైనా ఎత్తుకుపోతే ఆ కీ వెంటనే రద్దు చేయాలి.

కాబట్టి మీరు పది పదిహేను సర్వర్లను ఒక చోట పెట్టుకుని, రీస్టార్ట్‌లను కళ్లముందు చూసుకుంటూ చేయాలంటే అన్సిబుల్ తీసుకోండి, ఒక వారంలో పని మొదలవుతుంది. వందకు పైగా యంత్రాలుండి, వాటి మీద పది మంది చేతులు పడుతుంటే, ఈ పని చూసుకోవడానికే ఒక మనిషి ఉంటే బావ మాట వినండి. పపెట్ కంపెనీని 2022లో పెర్‌ఫోర్స్ కొంది. కొత్త ప్యాకేజీల విషయంలో వాళ్ల పద్ధతి మారాక, వాడుకరులు 2025లో ఓపెన్‌వాక్స్ పేరుతో వేరే దారి తీశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ రెండిట్లో ఏ దారో తేల్చుకోవాలి. మాలాగా అటూ ఇటూ కాని లెక్కయితే పుల్ పద్ధతి ముందు నాలుగైదు యంత్రాల మీద పెట్టి ఒక వానాకాలం గడవనివ్వండి.

కొత్తపట్నం పెట్టెకు బ్యాటరీ మార్చడానికి నేనే బస్సెక్కి వెళ్లాను. బిళ్ల నలభై రూపాయలు. బావ ఒంగోలు బస్టాండుకు వచ్చి బండి మీద తీసుకుపోయాడు, దారి పొడుగునా పపెట్ గురించే చెప్పాడు.