గుంటూరు, విజయవాడ గోల్ఫర్లకు హెచ్చరిక: గడ్డి మీద బంతి కొట్టి చూడకుండా ఫెయిర్‌వే వుడ్‌కి డబ్బు కట్టకండి

విజయవాడ, గుంటూరు వైపు గోల్ఫ్ ఆడుతున్నవాళ్లు, కొత్తగా సెట్టు కొనుక్కోబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ముఖ్యంగా ఫెయిర్‌వే వుడ్ (గడ్డి మీదున్న బంతిని దూరం కొట్టే పొడవాటి క్లబ్) కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు. 21,500 రూపాయలు పోసి నేను కొన్న 3 వుడ్ (3 నంబరు ఫెయిర్‌వే వుడ్) తల నాలుగో నెలలో ఊడిపోయి, మా డాబా మీంచి పక్కింటి డాబా మీదకి ఎగిరింది. పక్కింటి పిన్నిగారు ఎండబెట్టిన వడియాలు ఎత్తుకుని అప్పుడే కిందికి దిగారు. రెండు నిమిషాల ముందైతే ఆ తల వెళ్లి పడిన చోట ఆవిడ వంగి ఉన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది పటమట. మందుల డిస్ట్రిబ్యూషన్ వ్యాపారం. పని మీద నెలకోసారి హైదరాబాద్ వెళ్తాను, వెళ్లినప్పుడు గోల్కొండ కోట పక్కనున్న కోర్సులో ఆడతాను. మిగతా రోజుల్లో డాబా మీద నెట్టు కట్టుకుని ప్రాక్టీసు. మన వైపు ఆడేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే, ఆట కోసం హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లాల్సిందే. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. నున్న మార్కెట్‌లో మామిడికాయలు కొన్నా ఒకటి కోయించి చూసి కొంటాం. గోల్ఫ్ క్లబ్ దగ్గరికి వచ్చేసరికి కొట్టి చూసే చోటు లేక, ఫోటో చూసి డబ్బు పంపేస్తున్నాం. అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

షాపు గుంటూరులో. పేరు రాయడం లేదు. ఫిర్యాదు వేస్తున్నాను, అది తేలేదాకా పేరు బయటపెట్టడం న్యాయం కాదు. సంక్రాంతి ముందు వాట్సాప్‌లో ఫోటోలు వచ్చాయి: ఇంపోర్టెడ్, టైటానియం హెడ్ (తల), ఆర్ షాఫ్ట్ (తలకి అతికే పొడవాటి కడ్డీ), వారం మాత్రమే వాడినది. అలాంటిది కొత్తది తీసుకోవాలంటే 30 వేలు దాటుతుందని నాకు తెలుసు. ఫోటో చూసి మోసపోకూడదనే స్వయంగా వెళ్లాను. షాపు వెనక చిన్న నెట్టు, కింద పచ్చ మ్యాట్, మ్యాట్‌లో రబ్బరు టీ, అంటే బంతిని ఎత్తున నిలబెట్టే చిన్న గొట్టం. ఆ టీ మీద బంతి పెట్టి ఆరు కొట్టాను. ఆరూ బ్రహ్మాండంగా తగిలాయి. "చూశారా సార్, డ్రైవర్ తర్వాత ఎక్కువ దూరం పోయేది ఇదే" అన్నాడు షాపతను. డ్రైవర్ అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్. ఫోన్ తీసి యూపీఐలో కట్టేశాను. బిల్లు అడిగితే, "బిల్లు రాస్తే జీఎస్టీ పడుతుంది సార్, మీకే నష్టం" అని తెల్ల చీటీ మీద మొత్తం రాసి ఇచ్చాడు.

నా మొదటి తప్పు ఆ మ్యాట్‌ని నమ్మడం. ఫెయిర్‌వే వుడ్ అసలు పని గడ్డి మీద పడి ఉన్న బంతిని లేపడం. గడ్డి మీద క్లబ్ బంతికి అంగుళం వెనక నేలను తాకిందంటే మట్టిలో దిగబడుతుంది, షాట్ చచ్చిపోతుంది. మ్యాట్ మీద అదే తప్పు చేస్తే క్లబ్ జారి ముందుకొచ్చి బంతిని కొట్టేస్తుంది, చప్పుడు కూడా బాగానే వస్తుంది. పైగా రబ్బరు టీ బంతిని నేలకి అంగుళం పైన నిలబెడుతుంది. అలా పెడితే ఏ క్లబ్బయినా బాగానే కొడుతుంది. ఆ ఆరు షాట్లతో క్లబ్ గురించి నాకు తెలిసింది ఏమీ లేదు.

నెలాఖరుకి హైదరాబాద్ వెళ్లి గడ్డి మీద పెట్టి కొట్టాను. బంతి నేల మీద పాకుతూ యాభై అరవై గజాలు పోయింది. ఇంకోటి, ఇంకోటి. బంతిని లేపాలని వెనక్కి వాలి కొడితే మట్టి లేచింది తప్ప బంతి లేవలేదు. నాలుగో హోల్ దగ్గర క్యాడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) మెల్లగా, "సార్, మీ స్వింగులో తప్పు లేదు, ఈ క్లబ్బే మీకు లేవదు" అని, నాతో ఆడుతున్న ఆయన్ని అడిగి 7 వుడ్ ఇప్పించాడు. మొదటి బంతే గాల్లోకి లేచి గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ముందు దిగింది. వేరే ఏమీ మార్చలేదు, క్లబ్ ఒక్కటే మారింది.

ఎందుకో ఆ తర్వాత తెలుసుకున్నాను. 3 వుడ్ ముఖం వాలు, అంటే లాఫ్ట్, సుమారు 15 డిగ్రీలు. 5 వుడ్‌కి 18, 7 వుడ్‌కి 21 దాకా ఉంటుంది. పొడవు 3 వుడ్‌కి 43 అంగుళాలు, నంబరు పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది. వాలు తక్కువైతే బంతిని గాల్లో నిలబెట్టడానికి స్వింగ్ వేగం కావాలి. రూల్స్ ప్రకారం బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అంటే గడ్డి మీద కూర్చున్న బంతి నడిబొడ్డు నేలకి 21 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నాకు అంటగట్టిన క్లబ్ ముఖం ఎత్తైనది. టీ మీంచి కొట్టడానికి అది బాగానే ఉంటుంది. గడ్డి మీంచి కొట్టేటప్పుడు మాత్రం బంతి ఆ ముఖం కింది భాగానికే తగులుతుంది, బలమున్న చోటుకి అందదు. నాలాగా నెలకోసారి ఆడేవాళ్లకి, స్వింగ్ మధ్యస్తంగా ఉన్నవాళ్లకి ముఖం పొట్టిగా ఉన్న 5 వుడ్డో 7 వుడ్డో కావాలి. 3 వుడ్ ఎక్కువ దూరం పోతుందన్నది బంతి గాల్లోకి లేచినప్పటి మాట. లేవని 3 వుడ్ కంటే లేచే 7 వుడ్డే ఎక్కువ దూరం పోతుంది. షాపతను నా స్వింగ్ ఎంత అనిగానీ, ఎక్కడ ఆడతారనిగానీ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగనివాడి దగ్గర కొనకండి.

ఇంతవరకైతే తెలియక తప్పు క్లబ్ కొన్నాను అనుకుని ఊరుకునేవాణ్ణి. తర్వాత బయటపడింది మోసం.

హైదరాబాద్ నుంచి వచ్చిన వారానికి క్లబ్ ఊపితే తల లోపల ఏదో గలగలమంది. షాపుకి వాట్సాప్ పెట్టాను. "లోపల గమ్ ముక్క సార్, అన్ని క్లబ్బుల్లోనూ ఉంటుంది, ఏం కాదు" అని జవాబు. గమ్ ముక్క ఊడి గలగలమనడం మంచి క్లబ్బుల్లోనూ జరుగుతుందని నేనూ విన్నాను, అందుకే నమ్మాను. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం డాబా మీద పదో బంతో పన్నెండో బంతో కొడుతుంటే చేతిలో క్లబ్ ఉన్నట్టుండి తేలికైపోయింది. ఏం జరిగిందో అర్థమయ్యేలోపు అవతల డాబా మీద నీళ్ల ట్యాంకుకి ఢామ్మని తగిలిన చప్పుడు. 210 గ్రాముల ఇనుము. ట్యాంకు మూత పక్కన నా అరచేయంత పగులు.

మర్నాడు తల, షాఫ్ట్ రెండూ సంచిలో వేసుకుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ ఆయన దగ్గరికి వెళ్లాను. గోల్ఫ్ ఆయన ఎన్నడూ చూడలేదు, కానీ ముప్పై ఏళ్లుగా ఇనుముతోనే బతుకుతున్న మనిషి. కళ్లజోడు పైకి తోసి, షాఫ్ట్ చివర వేలితో రాసి చూశాడు. "బాబూ, పెయింట్ కూడా గీకలేదు. నున్నటి పెయింట్ మీద గమ్ పూస్తే పట్టుద్దా?" అన్నాడు. నిజమే, షాఫ్ట్ చివర ఇంకా తళతళా మెరుస్తోంది. వెర్నియర్ పెట్టి కొలిచాడు. షాఫ్ట్ చివర 8.5 మిల్లీమీటర్లు, తలలో షాఫ్ట్ దిగే గొట్టం 8.9. ఆ తేడా ఉంటే మధ్యలో పల్చటి ఇత్తడి తొడుగు వేసి అంటించాలి. వీళ్లు తొడుగు వేయకుండా ఖాళీ అంతా గమ్ముతో నింపేశారు. గొట్టం లోతు 32 మిల్లీమీటర్లు ఉంది, గమ్ మరక చూస్తే షాఫ్ట్ 15 మాత్రమే దిగింది. వేరే క్లబ్ నుంచి పీకిన, పొడవు చాలని షాఫ్ట్ తెచ్చి, 43 అంగుళాలు చూపించడానికి సగమే దించి అంటించారు. లోపల గలగలమన్నది పెళుసుబారి రాలిన గమ్ముముక్కలే. షాపతను చెప్పినట్టు గమ్మే, కానీ నా క్లబ్బుని పట్టి ఉంచాల్సిన గమ్ అది.

అక్కడే ఇంకో సంగతి తేలింది. షాఫ్ట్ మీద ఆర్ అని రాసిన చోట అంచు కొద్దిగా లేచి ఉంటే గోరుతో గీకాను. స్టిక్కర్. కింద అసలు అక్షరం ఎస్. ఆర్ అంటే మామూలు వేగం ఉన్నవాళ్లకి సరిపడే షాఫ్ట్, ఎస్ అంటే గట్టిది, వేగంగా కొట్టేవాళ్లది. లేత్ ఆయన పక్కనున్న అయస్కాంతం తీసి తలకి ఆనిస్తే టక్కున అతుక్కుంది. టైటానియానికి అయస్కాంతం అతుక్కోదు. ఇక్కడ ఒకటి చెప్పాలి: స్టీల్ తల ఉంటే క్లబ్ చెడ్డదని కాదు, ఫెయిర్‌వే వుడ్స్‌లో మంచివి చాలావరకు స్టీలే. స్టీలుని టైటానియం అని చెప్పి ఆ ధర వసూలు చేయడం మోసం.

షాపుకి వెళ్తే మాట మార్చాడు. "మీరు ఎండలో కారు డిక్కీలో పెట్టుంటారు సార్, బెజవాడ ఎండకి గమ్ కరిగిపోయింది" అన్నాడు. నా క్లబ్బులు బెడ్‌రూమ్‌లో బీరువా పక్కనే ఉంటాయి. ఎండాకాలం డిక్కీలో క్లబ్బులు వదిలేయకూడదన్న మాట వరకు నిజమే, మీరూ వదిలేయకండి, వేడికి గమ్ దెబ్బతింటుంది. కానీ గీకని పెయింటుకీ, సగమే దిగిన షాఫ్టుకీ, స్టిక్కర్‌కీ ఎండకీ సంబంధం ఏమిటని అడిగాను. "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అని గోడ మీద బోర్డు చూపించాడు.

ఆ బోర్డు చూసి వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కిందికి వస్తుంది. సరుకు ధర 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజు లేదు. కొన్నది గుంటూరులోనైనా మనం ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు, నేనూ చేశాను. నా దగ్గర బిల్లు లేకపోయినా యూపీఐ రసీదు ఉంది, కొన్న 30 రోజుల్లోపే గలగల శబ్దం గురించి పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉంది, "ఏం కాదు" అన్న అతని జవాబు ఉంది. ఆ ఒక్క మెసేజే ఇప్పుడు నాకు ఆధారం. అందుకే ఏ చిన్న లోపం కనిపించినా ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా రాతలో పంపండి.

కొనేటప్పుడు మెడ దగ్గర ఎక్కువసేపు చూడండి. తల, షాఫ్ట్ కలిసే చోట నల్లటి ప్లాస్టిక్ రింగు ఉంటుంది, ఫెర్రూల్ అంటారు. దానికీ తలకీ మధ్య సందు కనిపించినా, గమ్ బయటికి పొంగి ఉన్నా, పక్కన కొత్తగా రంగు వేసినట్టున్నా ఆ క్లబ్ విప్పి మళ్లీ అంటించినదని అనుమానించాలి. ఒక చేత్తో తల, ఇంకో చేత్తో షాఫ్ట్ గట్టిగా పట్టుకుని మెలితిప్పండి, వెంట్రుకంత కదిలినా వద్దు. చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. షాఫ్ట్ మీద అక్షరాల అంచుని గోరుతో తడమండి. అమ్మేవాడు చిరాకుపడితే పడనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యం, గడ్డి మీద కొట్టి చూడటం. షాపులో గడ్డి లేకపోతే అడ్వాన్స్ కొంత ఇచ్చి, కోర్సులో కొట్టి చూశాక మిగతాది ఇస్తానని కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే, హైదరాబాద్ వెళ్లినప్పుడు తోటి ఆటగాళ్ల 5 వుడ్, 7 వుడ్ అడిగి పది బంతులు కొట్టండి. ఎవరూ కాదనరు. కొట్టేటప్పుడు బంతిని ఎడమ మడమకి రెండు మూడు అంగుళాలు లోపలికి పెట్టుకోండి (కుడిచేతి వాటం వాళ్లకి చెబుతున్నాను), లేపాలని చూడకుండా చీపురుతో ఊడ్చినట్టు గడ్డిని రాసుకుంటూ పోనివ్వండి. లేపే పని లాఫ్ట్ చూసుకుంటుంది. అలా పదిలో ఆరేడు గాల్లోకి లేస్తేనే ఆ లాఫ్ట్ మీది.

పిన్నిగారికి కొత్త ట్యాంకు వేయించాను. డాబా మీద సాధన ఆపేశాను, నెట్టు చుట్టూ మూడు వైపులా, పైన కూడా కట్టించాకే మళ్లీ మొదలుపెడతాను. మీరు డాబా మీద ఆడుతుంటే ఆ పని ఇవాళే చేయించండి. గత ఆరునెలల్లో గుంటూరులో సెకండ్‌హ్యాండ్ ఫెయిర్‌వే వుడ్ కొన్నవాళ్లుంటే తర్వాతి బంతి కొట్టేముందు మెడ దగ్గర ఒకసారి మెలితిప్పి చూడండి. నా క్లబ్ తల, షాఫ్ట్, ఆ స్టిక్కర్ ముక్క కవర్లో భద్రంగా ఉంచాను, మీ క్లబ్బుతో పోల్చి చూసుకోవాలనుకుంటే కింద రాయండి, ఫోటోలు పంపిస్తాను.