పైథాన్ ఎక్స్‌పాండ్‌ట్యాబ్స్: చేపల పట్టీలకి వాడి చూసి రాస్తున్నా

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల వ్యాపారం చేసే ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. కాటా కంప్యూటర్ నుంచి వచ్చే టెక్స్ట్ ఫైల్లో కాలమ్‌ల మధ్య ట్యాబ్‌లుంటాయి. ఒక ఎడిటర్ ట్యాబ్‌ని 4 గళ్లుగా, ఇంకొకటి 8 గళ్లుగా చూపిస్తుంది. బోటు ఓనర్‌కి ఇచ్చే పట్టీలో రేటు ఒక గడి పక్కకి జరిగినా గొడవే. అందుకే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న ఎక్స్‌పాండ్‌ట్యాబ్స్ (expandtabs) అనే మెథడ్‌తో ట్యాబ్‌లన్నీ స్పేస్‌లు చేసి ప్రింట్ తీస్తాను.

దీనికి చాలామంది రీప్లేస్ (ఒకదాని బదులు ఇంకొకటి పెట్టే మెథడ్) వాడి, ప్రతి ట్యాబ్ చోటా 4 స్పేస్‌లు పెట్టేస్తారు. దానితో కాలమ్‌లు కుదరవు. ట్యాబ్ పని తర్వాతి స్టాప్ (తర్వాతి కాలమ్ మొదలయ్యే చోటు) దాకా జరపడం. 8 గళ్లకో స్టాప్ అనుకుంటే, 125 తర్వాత 5 స్పేస్‌లు కావాలి, 12.5 తర్వాత 4, ఒంటరి 8 తర్వాత 7. ఎక్స్‌పాండ్‌ట్యాబ్స్ సరిగ్గా ఈ లెక్కే కడుతుంది. కొత్త లైను రాగానే సున్నా నుంచి మొదలుపెడుతుంది, కాబట్టి ఫైలంతా ఒకే స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) ఇచ్చినా ఇబ్బంది లేదు. పాత స్ట్రింగ్ మారదు, వచ్చిన కొత్తదాన్ని వేరియబుల్‌లో పెట్టుకోవాలి.

ఎన్ని గళ్లకో స్టాప్ అన్నది చెప్పకపోతే 8 తీసుకుంటుంది. మాకది చాలదు. మొత్తం 1,12,500 అయితే ఆ 8 గళ్లూ నిండిపోతాయి, ట్యాబ్ ఇంకో 8 స్పేస్‌లు వేసి ఆ ఒక్క వరసనీ పక్కకి నెట్టేస్తుంది. 12 ఇస్తే హాయి.

లైనక్స్‌లో ఉన్న ఎక్స్‌పాండ్ కమాండ్‌లో లైను మొదట్లోని ట్యాబ్‌లను మాత్రమే మార్చే వీలుంది. ఎక్స్‌పాండ్‌ట్యాబ్స్‌లో అది లేదు, ఉండాల్సింది.

అసలు బాధ తెలుగుతో. రొయ్యలు అని రాస్తే కంటికి మూడు అక్షరాలు. పైథాన్‌కి మాత్రం ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా కలిపి 7. చందువా 6, వంజరం 5. స్క్రీన్ మీద పట్టే చోటు వేరు, అది లెక్కపెట్టేది వేరు. పైగా తెలుగు అక్షరాల వెడల్పులు కూడా ఒకేలా ఉండవు. చేప పేరు మొదటి కాలమ్‌లో ఉంటే కిలోలూ రేట్లూ మెట్లుమెట్లుగా దిగుతాయి.

అంకెలూ ఇంగ్లిష్ మాత్రమే ఉన్న ఫైళ్లకి అయిదుకి అయిదు ఇస్తాను. తెలుగు మధ్యలో ఉంటే రెండుకి మించి ఇవ్వలేను. మా పట్టీలో ఇప్పుడు బోటు నంబరు, కిలోలు, రేటు, మొత్తం ముందు వస్తాయి, చేప పేరు ఆఖర్న. దాని తర్వాత ట్యాబ్ ఉండదు కనుక ఏ కాలమూ కదలదు.