కుండీల మీద చల్లకండి: విశాఖ డాబా తోటలో కాఫీ పిప్పి

ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పిప్పిని తీసుకెళ్లి మొక్క మొదట్లో చల్లేయమని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పిప్పి మంచి సరుకే, ఆ విషయంలో వాదన లేదు. కంపోస్టు డబ్బాకీ వంటింటికీ ఏళ్లుగా వాడుతున్నాను, వదిలే ఉద్దేశం కూడా లేదు. కానీ "గుప్పెడు చల్లండి, అదే ఎరువు" అన్న మాట మాత్రం విశాఖ లాంటి ఉక్క ఊళ్లో, అందులోనూ డాబా మీది కుండీల్లో, మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే చెడుతున్న సంగతి పైకి కనిపించదు.

డికాక్షన్ పొడి సన్నటిది. దాన్ని తడితడిగా కుండీ మీద అర అంగుళం మందాన పరిచామనుకోండి. నీళ్లు పోసిన ప్రతిసారీ ఆ నలుసులు ఒకదాని సందులోకి ఒకటి దిగి బిగుసుకుంటాయి. పది గంటలయ్యేసరికి డాబా మీద ఎండ చుర్రుమంటుంది, పై పొర ఆరి అప్పడంలా గట్టిపడుతుంది. పిప్పి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు, పక్కకి తోసేస్తుంది. మర్నాడు పోసిన నీళ్లు ఆ పలక మీదనుంచి జారి, కుండీ గోడకీ మట్టికీ మధ్య సందులోంచి దిగి, అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేస్తాయి. చూసేవాళ్లకి కుండీ నిండా తడిసినట్టే ఉంటుంది. మధ్యలో వేళ్లున్న మట్టి ముద్ద మాత్రం పొడిగానే ఉండిపోతుంది. మొక్క మధ్యాహ్నానికి వాలిపోతుంది, నీళ్లు చాల్లేదని ఇంకో చెంబు పోస్తారు, అది కూడా కిందికే పోతుంది.

వానాకాలంలో కథ ఇంకోలా ఉంటుంది. గాల్లో తేమ ఎక్కువ కాబట్టి పొర ఆరదు, దాని మీద తెల్లటి బూజు, తర్వాత పచ్చటి బూజు పడుతుంది. ఆ బూజు పిప్పిని కుళ్లబెట్టేదే, దాంతో మొక్కకి పెద్ద ప్రమాదం లేదు. తంటా ఎక్కడంటే, ఎప్పుడూ చెమ్మగా ఉండే ఆ పొర కింద సన్నటి నల్ల ఈగలు గుడ్లు పెడతాయి. వాటి పురుగులు లేత వేళ్లని కొరుకుతాయి. కుండీని కదిపితే దుమ్ములా లేచే ఈగలు అవే.

మూడో దెబ్బ నత్రజనిది. ఎండు పిప్పి బరువులో సుమారు 2 శాతం నత్రజని ఉంటుంది, మాట నిజమే. అయితే అది ప్రొటీన్లలో బిగిసి ఉంటుంది, వేళ్లకి నేరుగా అందదు. సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టాలి, ఆ పని మొదలుపెట్టినప్పుడు అవి మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ తమకే వాడుకుంటాయి. నేలలో నాటిన చెట్టుకి ఇది పెద్ద లెక్క కాదు. పన్నెండు అంగుళాల కుండీలో ఉన్న మట్టి ఎంత, అందులో నిల్వ ఎంత? అందుకే పిప్పి వేసిన కొన్ని వారాలకి కింది ఆకులు ముందుగా పాలిపోతాయి. దాన్ని చూసి "ఎరువు చాల్లేదు" అని ఇంకో గుప్పెడు వేయడం మామూలుగా జరిగేదే.

ఇప్పటికే చల్లేసినవాళ్లు చేయాల్సింది ఇది. పలకని చిన్న చేతి పారతో పెళ్లగించి, ముక్కలు ముక్కలుగా ఎత్తి కంపోస్టు డబ్బాలో పడేయండి. కింద అర అంగుళం మట్టిని గుల్ల చేయండి, వేళ్లు తెగకుండా. తర్వాత కుండీని మూడొంతులు మునిగేలా నీళ్ల టబ్బులో పెట్టండి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. పైనుంచి ఎన్ని చెంబులు పోసినా తడవని ముద్ద ఇలా అరగంటలో తడుస్తుంది. నీడలో ఓడ్చి, పైన ఎండుటాకులు రెండు అంగుళాల మందాన కప్పండి. ఆకులు పాలిపోయి ఉంటే వేరుశనగ చెక్క నానబెట్టిన నీటిని పదింతలు పలుచన చేసి వారానికోసారి పోస్తే తేరుకుంటుంది. కుండీ నిజంగా తడిసిందో లేదో చూడాలంటే పుల్ల గుచ్చండి, లేకపోతే ఎత్తి చూడండి, బరువే చెబుతుంది.

విత్తనాల ట్రేల్లోకి మాత్రం పిప్పిని అసలు రానివ్వకండి. కాచినా అందులో కొంత కెఫీన్, వగరు పదార్థాలు మిగిలే ఉంటాయి. తోటకూర, మెంతి, కొత్తిమీర మొలకలకి అవి పడవు. మొలక శాతం తగ్గుతుంది, మొలిచినవీ గిడసబారిపోతాయి.

గులాబీకి, మందారానికి పుల్లటి మట్టి కావాలి కాబట్టి కాఫీ పిప్పి వేయండి అనే మాట కూడా నిలబడదు. పులుపంతా దాదాపు డికాక్షన్‌లోకే దిగిపోతుంది. మిగిలిన పిప్పి చాలాసార్లు తటస్థానికి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని కుండీ అంచుల్లో తెల్లగా కనబడుతుంటే పిప్పి దాన్నేమీ చేయలేదు. వాన నీళ్లు పట్టి రెండు మూడుసార్లు బాగా పారేలా పోయడమే దానికి మందు.

అరకు, పాడేరు కాఫీ తోటల పేరు చెప్పి ఇంకో వాదన వినిపిస్తుంటుంది: కాఫీ పండించేవాళ్లు వ్యర్థాల్ని తోటకే ఎరువుగా వేస్తారు కదా అని. వాళ్లు కుళ్లబెట్టి వేసేది పండు పైతొక్క, గుజ్జు. అది పచ్చి సరుకు, మన ఫిల్టర్‌లో మిగిలేది వేయించి, పొడి కొట్టి, మరిగే నీళ్లలో కాచింది. రెంటికీ పోలిక లేదు. పైగా వాళ్లు కూడా దాన్ని కుళ్లబెట్టాకే వేస్తారు.

ఇక కంపోస్టు డబ్బాలో ఈ పిప్పి చేసే మేలు చూస్తే ముచ్చటేస్తుంది. ఇరవై లీటర్ల పెయింటు డబ్బా చాలు. అడుగునా, చుట్టూ జానెడు దూరానికి ఒకటి చొప్పున అర అంగుళం చిల్లులు. అడుగున కొబ్బరి పీచు రెండు అంగుళాలు. ఆపైన కొలత గిన్నె లెక్కన పిప్పి ఒక వంతు, కూరగాయ తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు మూడు వంతులు. అంటే మొత్తంలో పిప్పి ఐదో వంతు దాటదు, దాటించకూడదు. విశాఖ వీధుల్లో నాటు బాదం ఆకులకి కొదవ లేదు కానీ అవి దళసరివి, అలాగే వేస్తే నెలల తరబడి కుళ్లవు. బాగా ఎండాక గోనెసంచిలో వేసి తొక్కి నలిపి వేయాలి. వేపాకైతే ఆ బాధ లేదు.

తేమ చూసే పద్ధతి పాతదే: గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. నాలుగైదు రోజులకోసారి అడుగుది పైకి, పైది అడుగుకి తిరగేయాలి. తేడా చెప్పేది ముక్కే. పిప్పి కలిసిన డబ్బాలో కూరగాయ తొక్కల కంపు చాలావరకు అణిగిపోతుంది, మూత తీస్తే తడి మట్టి వాసన వస్తుంది. కుళ్లడం కూడా త్వరపడుతుంది, ఎండాకాలంలో రెండు నెలలకి నల్లటి, పొలపొలలాడే ఎరువు చేతికొస్తుంది. చేతిలోకి తీసుకుని నలిపితే పిప్పి ఏదో మట్టి ఏదో తెలియదు. అదే పిప్పి కుండీ మీద పలకై కూర్చున్నది గుర్తొస్తే నమ్మబుద్ధి కాదు. ఈ ఎరువుని కుండీ మట్టిలో నాలుగో వంతు కలపొచ్చు, భయం లేదు.

అయితే ఆ ముచ్చట ఎండాకాలానిది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, మధ్యలో వాయుగుండం పట్టిందంటే మరీనూ, ఆ నిష్పత్తి పనిచేయదు. డబ్బాలో గాలి ఆడక పిప్పి గోలీల్లా ఉండలు కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. ఆ నెలల్లో పిప్పిని సగానికి తగ్గించి, ఎండుటాకుల వంతు ఒకటి పెంచి, చించిన అట్టపెట్టె ముక్కలు కూడా వేస్తే సర్దుకుంటుంది. ఉండలు కనిపిస్తే చేత్తోనే చిదిపేయాలి, కర్రతో కలిపితే విడవవు. వానపాముల తొట్టి ఉన్నవాళ్లు పిప్పిని ఒక మూల పలుచగా వేసి చూడాలి. ఒకేసారి గుమ్మరిస్తే అది వేడెక్కి వానపాములు తొట్టి గోడలెక్కుతాయి.

చికోరీ కలిపిన పొడికీ కలపని దానికీ పిప్పిలో తేడా ఉంది. చికోరీ చాలా భాగం డికాక్షన్‌లోకి కరిగిపోతుంది, మిగిలింది మెత్తగా, జిగటగా ఉంటుంది, త్వరగా బూజు పడుతుంది. చికోరీ లేని అరకు పొడి పిప్పి గరుగ్గా, విడివిడిగా ఉంటుంది, ఆరబెట్టడం తేలిక. ఇంటి వాడకానికి నాకు రెండోదే నచ్చుతుంది.

ఆరబెట్టడం అన్నిటికంటే ముఖ్యం. తడి పిప్పి బరువులో సగానికి పైగా నీరే. మూతపెట్టి గట్టు మీద వదిలేస్తే విశాఖలో రెండు మూడు రోజులకే బూజు. స్టీలు పళ్లెంలో పావు అంగుళం మందాన పరిచి, మధ్యలో రెండుసార్లు కలిపితే మే నెలలో సాయంత్రానికల్లా ఆరుతుంది. వానలప్పుడు మూకుట్లో సన్న సెగ మీద కలుపుతూ తడి ఆర్చుకోవచ్చు, పొగ రాకముందే దించాలి. వేళ్ల మధ్యనుంచి ఇసుకలా జారితే సీసాలో పోయొచ్చు.

ఆరిన పిప్పికి ఇంట్లో మొదటి ఉపయోగం చేతులకంటిన చేపల వాసన. వంజరం కోశాక, రొయ్యలు ఒలిచాక సబ్బుకి లొంగని నీచు వాసన, చెంచాడు పిప్పిని తడిచేతులతో అర నిమిషం రుద్దితే పోతుంది. వెల్లుల్లి వాసనకీ అంతే. చేతికి కోత పడి ఉంటే వద్దు, మండుతుంది. ఇనప మూకుడు, స్టీలు గిన్నెల అడుగు మాడితే కూడా బాగా పట్టు ఇస్తుంది. నాన్‌స్టిక్ మీదా, లేతరంగు పాలరాయి గట్టు మీదా వాడకూడదు, మొదటిది గీతలు పడుతుంది, రెండోది మరక పీల్చుకుంటుంది.

వాసన వదిలించే మాట కొంచెం సరిదిద్దాలి. రుద్దిన పిప్పిని అలాగే సింకులో కడిగేస్తే ఇంకో చిక్కు. అది నీటిలో కరగదు, సింకు కింద వంపులో పేరుకుని, గిన్నెల జిడ్డుతో కలిసి గట్టి ముద్దవుతుంది. ప్లంబరు వంపు విప్పితే వచ్చే నల్లటి బురద అదే. ముందు పాత న్యూస్ పేపరుకి తుడిచి, ఆ తర్వాతే కడగాలి. ఫ్రిజ్‌లో చిన్న గిన్నెడు ఎండు పిప్పి పెడితే రెండు వారాలు బాగుంటుంది, తర్వాత చెమ్మ పట్టి దానికదే బూజు వాసనేస్తుంది. మార్చే ఓపిక ఉంటేనే పెట్టాలి. పిప్పితో గీత గీస్తే చీమలు దాటవంటారు, పక్కనుంచి తిరిగి వస్తాయి. వానల్లో నత్తలు పిప్పి మీదనుంచే పాకుతాయి, వాటిని ఆపేంత కెఫీన్ కాచిన పిప్పిలో మిగలదు.

ఇంతకీ వాడొచ్చా అంటే, రెండు పూటలా ఫిల్టర్ కాఫీ తాగే ఇల్లు, డాబా మీద నీడపట్టున డబ్బా పెట్టే చోటు, ఎండుటాకులు తెచ్చుకునే వీలు, ఈ మూడూ నాకున్నాయి కాబట్టి నాకు లాభమే. బాల్కనీ లేని ఫ్లాటులో, రోజుకి రెండు చెంచాల పిప్పి మాత్రమే మిగిలేవాళ్లకి ఇంత శ్రమ పెట్టుకోమని చెప్పను. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బండికి తడి చెత్తలో వేసేయడమే సుఖం. ఇన్‌స్టంట్ కాఫీ తాగేవాళ్లకి పిప్పే మిగలదు. ఇంట్లో కుక్క ఉంటే ఒక్క జాగ్రత్త: మిగిలిన కెఫీన్ కుక్కలకి విషం, ఆ వాసనకి అవి మూతి పెడతాయి. ఆరబెట్టే పళ్లెం అందనంత ఎత్తులో, డబ్బాకి బిగుతు మూత, అవి కుదరకపోతే పిప్పిని ఇంట్లో నిల్వ పెట్టవద్దు.