సీహెచ్‌పీలో నల్ల భాస్వరం: నాలుగేళ్లు వాడాక నా మాట

పొరలు పొరలుగా ఉండే భాస్వరం రూపమే నల్ల భాస్వరం. నాలుగేళ్లుగా దాన్ని ద్రవంలో పల్చటి రేకులుగా విడదీసి దాచుకుంటున్నాను. సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కలిపిన నీళ్లు, మిథైల్ పైరోలిడోన్ అనే ఎన్‌ఎంపీ, సైక్లోహెక్సైల్ పైరోలిడోన్ అనే సీహెచ్‌పీ, ఈ మూడు ద్రావణులూ వాడాను. చివరికి సీహెచ్‌పీ దగ్గరే ఆగాను. 2015లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ బృందం చూపించిన దారి ఇది, నా చేతుల్లోనూ బాగానే నిలబడింది. అయితే సీహెచ్‌పీ పోసేస్తే చాలనుకోవద్దు. నా సీసాలు పాడైనప్పుడల్లా ఆరా తీస్తే దాదాపు ప్రతిసారీ తేమే కారణమని తేలింది.

మొదటి ఏడాదంతా నీళ్లే వాడాను. కడగడం తేలిక, విషం భయం తక్కువ. ఒకసారి రెండు వారాల పనంతా ఉన్న సీసాను కిటికీ పక్క బెంచీ మీద వదిలేశాను. ముదురు గోధుమ రంగు రోజురోజుకీ పల్చబడి లేత పసుపైంది, ఆఖరికి మామూలు నీళ్లలా తేటపడింది. రేకులు అడుగుకు చేరాయనుకుని వెలుతురుకి ఎత్తి చూశాను. అడుగున మడ్డి లేదు. పీహెచ్ పేపర్ ముంచితే ఎర్రబడింది. ఆక్సిజన్, నీరు, వెలుతురు మూడూ కలిసి భాస్వరాన్ని తినేసి ఫాస్ఫారిక్ ఆమ్లంగా మార్చేశాయి. ఆ ఎర్ర కాగితం ముక్కను నోట్‌బుక్‌లో అంటించి ఇప్పటికీ ఉంచుకున్నాను.

సీహెచ్‌పీ అణువులు రేకుకు దగ్గరగా అతుక్కుని నీటినీ ఆక్సిజన్‌నీ చాలావరకు దూరంగా ఉంచుతాయి. పాడవడం అంచుల నుంచే మొదలవుతుంది కాబట్టి రేకు ఎంత చిన్నదైతే అంత త్వరగా పోతుంది. అందుకే సోనికేషన్, అంటే అల్ట్రాసౌండ్‌తో రేకులు విడదీయడం, అతిగా చేయను. గంటలకొద్దీ ప్రోబ్ నడిపితే రేకులు నుసి అవుతాయి, ద్రావణి కూడా విరిగి పసుపెక్కుతుంది. ఆ పసుపును భాస్వరం రంగుగా లెక్కేసి నేను కొన్ని నెలలు తప్పు గాఢతలు రాసుకున్నాను. ఇప్పుడు ఖాళీ ద్రావణిని కూడా అదే టైం, అదే పవర్‌తో నడిపి, అది పీల్చుకునే కాంతిని (శోషణను) లెక్కలోంచి తీసేస్తాను. ఐస్ నీళ్ల తొట్టి, మధ్యమధ్యలో విరామం తప్పనిసరి.

ఇక ద్రావణిని ఆరబెట్టడం, అంటే అందులోని తేమ తీసేయడం. నా దృష్టిలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. తేమను పీల్చుకునే 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్‌ గుళికలను వాక్యూమ్‌లో 300 డిగ్రీల దగ్గర కాల్చి, సీహెచ్‌పీలో కొన్ని రోజులు నాననిస్తాను. వాటి తెల్లటి దుమ్ము ద్రావణిలోకి వస్తుంది, వడకట్టకపోతే తర్వాత మైక్రోస్కోప్ కింద అదే కనిపిస్తుంది. కార్ల్ ఫిషర్ పరీక్షతో తేమ చూసుకుని, ఆక్సిజన్ పోయేలా ఆర్గాన్ బుడగలు పంపి, అప్పుడే నల్ల భాస్వరం పొడి వేస్తాను. ఒకసారి మా గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడకుండా లోపల పనిచేసుకునే పెట్టె) నెల రోజులు మూలపడింది. బాగా ఆరిన ద్రావణితో, సెప్టం (రబ్బరు బిరడా) బిగించిన వయల్స్‌లో, అంటే చిన్న సీసాల్లో, చేసిన సరుకు ఆ నెలలో కూడా చెక్కుచెదరలేదు. అంతకుముందు మంచి గ్లవ్ బాక్స్‌లోనే, ఆరబెట్టని ద్రావణితో చేసింది పోయింది.

పెద్ద సీసాలో దాచడం మానేశాను. మూత తీసిన ప్రతిసారీ కొంత గాలి లోపలికి పోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మందపు ముక్కలు తీసేయగానే 2 మిల్లీలీటర్ల చొప్పున వయల్స్‌లో పంచి, ఫాయిల్ చుట్టి, చీకట్లో పెడతాను. తెరిచిన వయల్‌ను ఆ రోజే వాడేస్తాను.

సీహెచ్‌పీతో నాకున్న అసలు ఇబ్బంది, ఇది తేలిగ్గా ఆవిరై వదలదు. ఎన్‌ఎంపీ మరిగేదే 202 డిగ్రీల దగ్గర, సీహెచ్‌పీ అంతకంటే మొండిది. ఫిల్మ్‌లో మిగిలిపోయి రేకుల మధ్య కరెంటుకు అడ్డుపడుతుంది. అందుకే పూత వేసే ముందు, రేకులను ఆక్సిజన్, తేమ తీసేసిన ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లోకి మారుస్తాను. అక్కడి నుంచి టెన్షనే, సాయంత్రంలోగా పని అయిపోవాలి. ఎలక్ట్రానిక్ పరికరాల కోసమైతే ఈ మార్పిడికి ముందే సిద్ధపడండి. కాంపోజిట్‌లకైతే, అంటే రేకులను వేరే పదార్థంలో కలిపి చేసే మిశ్రమాలకైతే, ఇంత అవస్థ లేదు. ఎన్‌ఎంపీ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది, సీహెచ్‌పీని కూడా నేను గ్లవ్స్ లేకుండా ముట్టుకోను.

నిన్న ఎనిమిది నెలల నాటి వయల్ ఒకటి తెరిచాను. గాలిలో లేజర్ కూడా రేకును పాడుచేస్తుంది కాబట్టి పవర్ బాగా తగ్గించి రామన్ (లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే పరీక్ష) తీశాను. నల్ల భాస్వరానికి గుర్తులైన 362, 439, 467 cm⁻¹ దగ్గరి మూడు శిఖరాలూ స్పష్టంగా వచ్చాయి. అదే రోజు దాచిన చిన్న రేకుల వయల్ మాత్రం కాస్త రంగు వెలిసింది.