ఫార్వర్డ్ ఫోటోల తనిఖీకి గూగుల్ లెన్స్: తిరుపతి నుంచి ఒక సమీక్ష

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఉండే మా మామ ప్రతి ఎన్నికలోనూ దేశం తర్వాతే ఏదైనా అని నమ్మి జాతీయవాద పార్టీకి ఓటు వేసే మనిషి. ఆయన వాట్సాప్‌లో పంపే ఫోటోల పుట్టుక తెలుసుకోవడానికే నేను గూగుల్ లెన్స్ వాడటం మొదలుపెట్టాను. ఫోటోల వరకు ఇంత సులువైన సాధనం నాకు మరొకటి కనబడలేదు. స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్‌లో కెమెరా గుర్తు నొక్కి ఎంచుకుంటే, అదే బొమ్మ అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. రుసుమేమీ లేదు.

గత దీపావళికి మామ ఒక ఫోటో చూపించారు. చీకటి భారతదేశ పటం మీద తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులు. కింద 'దీపావళి రాత్రి నాసా తీసిన చిత్రం' అన్న రాత. నేను చెబితే వాదన అవుతుందని ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఆయనే నొక్కారు. అది దీపావళి బొమ్మ కాదని, ఏళ్ల తరబడి ఉపగ్రహాలు సేకరించిన సమాచారాన్ని కలిపి చేసినదని, 1992కు ముందున్న వెలుగులు తెలుపు, 2003 నాటికి కొత్తగా వచ్చినవి ఎరుపు అని నాసా 2012లో ఇచ్చిన వివరణ వచ్చింది. మామ చాలాసేపు చూసి, "అయితే ఈ ఎర్ర చుక్కలన్నీ కొత్తగా కరెంటు దీపాలు పెరిగిన ఊళ్లా నాయనా?" అని అడిగారు. దేశం మీద ఆయన అభిమానం ఇసుమంతైనా తగ్గలేదు. తగ్గవలసిన అవసరమూ లేదు.

అయితే 'నిజాన్ని దాచిపెడుతున్నారు' అన్న అనుమానానికి ఈ సాధనంలో జవాబు దొరకదు. రెండు వేల నోటులో దాని జాడ చెప్పే చిప్ ఉందని 2016లో పుట్టిన పుకారునే తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు చెప్పిన భద్రతా లక్షణాల్లో చిప్ లేనే లేదు. 2023 మే 19న ఆ నోట్లను ఉపసంహరిస్తున్నట్లు ప్రకటన వస్తే, మామ స్నేహితుడొకరు కపిలతీర్థం దగ్గర నడకలో "చిప్ సంగతి బయటపడకూడదనే వెనక్కి తీసుకున్నారు" అని గట్టిగా వాదించారు. ఇలాంటి అనుమానం జాతీయవాదులకే పరిమితం కాదు. మన రాష్ట్రంలో ఈవీఎంల మీద ఆరోపణలు 2019లో ఓడిన పక్షం నుంచీ వచ్చాయి, 2024లో ఓడిన పక్షం నుంచీ వచ్చాయి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫలితాన్ని వాళ్లకు పంపకండి. ఫోన్ చేతికిచ్చి, ఇంగ్లీషులో వచ్చే వివరణను తెలుగులో చదివి చెప్పడానికి పక్కన కూర్చోండి.