పరాగనాళాన్ని పిలిచే అండం: టొరీనియాలో, మొక్కజొన్నలో

టొరీనియా అనే పూలమొక్కలోనూ, మొక్కజొన్నలోనూ పరాగనాళాన్ని (పుప్పొడి రేణువు నుంచి పెరిగి పురుషబీజాలను మోసుకెళ్లే గొట్టాన్ని) చివరి మలుపులో రప్పించేది అండం (తర్వాత విత్తనంగా మారే భాగం) స్రవించే చిన్న ప్రొటీన్లే. అయితే ప్రయోగానికి నా ఓటు టొరీనియాకే. దాని పిండకోశం, అంటే స్త్రీబీజకణం ఉండే సంచి, అండం బయటికి పొడుచుకు వస్తుంది. అందుకే 2001లో జపాన్‌లో హిగషియామా బృందం స్త్రీబీజకణం పక్కనుండే రెండు సహాయకణాలను లేజర్‌తో చంపి చూడగలిగింది. రెండూ బతికుంటే 98 శాతం అండాలు నాళాన్ని ఆకర్షించాయి, ఒకటే ఉంటే 71 శాతం, ఏదీ లేకపోతే సున్నా. నాళాన్ని పిలిచేది సహాయకణాలేనని ఎంత స్పష్టమైన జవాబు! ఆ కణాల స్రావంలోని, నాళాన్ని ఆకర్షించే లూర్ అనే ప్రొటీన్లు 2009లో దొరికాయి.

మొక్కజొన్న పిండకోశం కణజాలం లోపల ఉంటుంది, చూడటం కష్టం. ఇక్కడి ప్రొటీన్ ఈఏ1. దీన్ని సహాయకణాలతో పాటు స్త్రీబీజకణమూ తయారుచేస్తుంది. దూరపు జాతులను సంకరం చేయాలనుకునేవారికి మాత్రం ఇదే ఎక్కువ ఆశ కల్పిస్తోంది: ఈ ప్రొటీన్‌ను అరబిడాప్సిస్ (ఆవాల కుటుంబపు చిన్న మొక్క) సహాయకణాల్లో తయారు చేయిస్తే, ఆ అండాలు మొక్కజొన్న పరాగనాళాలను తమవైపు తిప్పుకున్నాయి.