ఒక్క రోప్‌వే కోసం కైలాసగిరికి రెండుసార్లు

మాది రాజమండ్రి. మావాడికి ఎనిమిదేళ్లు. బండి గోదావరి మీది రోడ్డు కం రైలు వంతెన ఎక్కిందంటే చాలు, మా ఇద్దరి మధ్య కూర్చున్నవాడు నా చున్నీ లాగి మొహం మీద కప్పేసుకుంటాడు. వాడికి ఎత్తంటే భయం. పుట్టినప్పటి నుంచీ ఉన్న భయం కాదిది. కిందటి వేసవిలో ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు జెయింట్ వీల్ ఎక్కనని ఏడుస్తుంటే, "మగపిల్లాడివి, సిగ్గులేదూ" అంటూ వాళ్ల బాబాయి ఎత్తి కూర్చోబెట్టేశాడు. జనాన్ని ఎక్కించుకోవడానికి చక్రం ఆపినప్పుడు వీళ్ల తొట్టి సరిగ్గా కొసన ఆగింది. దిగాక వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత వడియాలు ఎండబెట్టడానికి మేడ మీదికి రమ్మన్నా రావడం మానేశాడు.

అలాంటివాడు దసరా సెలవులకి వైజాగ్ వెళ్దామంటే తనే "కైలాసగిరి రోప్‌వే చూస్తాను" అన్నాడు. చూస్తాను అన్నాడు, ఎక్కుతాను అనలేదు. నేనూ రెట్టించలేదు.

పొద్దున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి వైజాగ్‌లో ఉన్నాం. విజయనగరం నుంచి మా వదిన, ఆరేళ్ల మేనకోడలు వచ్చి కలిశారు. ఆ పిల్లకి భయం అంటే ఏమిటో తెలీదు. స్టేషన్‌లోనే "బావా, నీకు ఎత్తంటే భయమంట కదా?" అని అడిగేసింది. మావాడు నా వెనక్కి నక్కాడు.

హోటల్ దగ్గరే మొదటి తలనొప్పి. ఆర్కే బీచ్‌కి దగ్గర్లో గది తీసుకున్నాం, పేరు ఎందుకులెండి. కింది అంతస్తులో కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను, సరేనన్నారు. తీరా వెళ్తే ఆరో అంతస్తు. "సీ వ్యూ మేడమ్, అందరూ ఇదే అడుగుతారు" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. బాల్కనీ తలుపు తెరవగానే మావాడు బాత్‌రూమ్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గది మార్చడానికి అదనంగా 800 అడిగారు. ఇచ్చాను, ఏం చేస్తాం. వైజాగ్‌లో ఆటోలవాళ్లు ఇంతకంటే మర్యాదగా బేరమాడతారు.

గది మార్చేలోపు వాడి పక్కనే నేల మీద కూర్చుని, "భయం ఇప్పుడు ఎక్కడుంది నాన్నా?" అని అడిగాను. పొట్టలోనో కాళ్లలోనో అంటాడనుకున్నా. "ఆరో అంతస్తులో" అన్నాడు. కాసేపయ్యాక మళ్లీ అడిగితే నాలుగు అన్నాడు. అప్పటి నుంచి మూడు రోజులూ మా ఇద్దరికీ అదే కొలత. భయపడకు అని వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎన్నో అంతస్తు అని అడిగి, రెండుకి దిగేదాకా ఉన్నచోటే ఉండేవాళ్లం. దిగకపోతే వెనక్కి వచ్చేసేవాళ్లం.

రెండో అంతస్తులో ఇచ్చిన గదికి కిటికీలోంచి కనపడేది పక్కింటి నీళ్ల ట్యాంకు. కానీ బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు. పిల్లలతో వచ్చేవాళ్లు ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల దిగితే అద్దె కలిసొస్తుంది. కాకపోతే రోజూ ఆటోలకి ఎంతో కొంత పోతుంది. నా మట్టుకు నాకు సాయంత్రం పూట చెప్పులు చేత్తో పట్టుకుని గదికి నడిచిరావడమే ఇష్టం.

ఆ సాయంత్రమే కుర్సురా జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, ఆ మరుసటి ఏడాది నుంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబడిన ఓడ ఇది. పొడవు 91 మీటర్లు. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లి ఎండలో నిలబడకండి. లోపలికి వెళ్లాలంటే ముందు ఇనప మెట్లు ఎక్కాలి. మెట్ల దగ్గర మావాడు ఆగాడు. మూడో అంతస్తు అన్నాడు. మా వెనక వరసలో ఉన్నవాళ్లని ముందుకి పంపేసి మేం పక్కకి జరిగాం. నాలుగైదు నిమిషాలకి వాడే రెయిలింగ్ పట్టుకున్నాడు.

తమాషా ఏమిటంటే, లోపలికి వెళ్లాక భయం పట్టుకుంది నాకు. ఇరుకు నాకు పడదు. డెబ్బై మందికి పైగా నావికులు ఆ గొట్టాల మధ్యనే తిని, పడుకుని, నెలల తరబడి బతికారని గైడు చెబుతుంటే నాకు చెమటలు పట్టేశాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులోంచి వంగి దూరాలి. రెండో తలుపు దగ్గర నా కాళ్లు కదల్లేదు. మావాడు వెనక్కి తిరిగి, "అమ్మా, ఎన్నో అంతస్తు?" అన్నాడు. అయిదు అన్నాను. "అయితే ఆగుదాం" అని నా వేలు పట్టుకుని నిలబడ్డాడు. పక్కవాళ్లు దారివ్వమన్నా జరగలేదు. ఆ ట్రిప్పు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. కుర్సురాకి పదికి పది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా బాగుంటుంది కానీ అప్పటికి పిల్లల ధ్యాసంతా మురీ మిక్చర్ మీదికి పోయింది.

మర్నాడు కైలాసగిరి. రోప్‌వే జోలికి పోకుండా ఆటోలో ఘాట్ రోడ్డు మీదుగా పైకి వెళ్లాం. శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫొటోలు, ఆ తర్వాత టాయ్ ట్రైన్. కొండ చుట్టూ తిప్పే ఈ రైలు ఎత్తంటే భయపడే పిల్లలకి మంచిది. కింద పట్టాలుంటాయి, పక్కన చెట్లుంటాయి, సముద్రం మాత్రం దూరంగా అప్పుడప్పుడూ కనపడుతుంది. మావాడు మొదట నా వైపు కూర్చుని, సగం దూరం వెళ్లాక కిటికీ వైపు మారాడు.

గాజు వంతెన వైపు మాత్రం నేనే పోనివ్వలేదు. మేనకోడలు గోల చేస్తే వదిన తీసుకెళ్లింది. కాలి కింద లోతు కనపడితే వెనక్కి తగ్గడం పిల్లల పిరికితనం కాదు. 1960లో అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పాకే పసివాళ్లని ఇలాంటి గాజు బల్ల మీదే వదిలి చూశారు. అవతలి నుంచి తల్లి పిలుస్తున్నా చాలామంది లోతు కనపడే గాజు మీదికి రాలేదు. పాకే పిల్లలకే తెలిసిన సంగతిని ఎనిమిదేళ్లవాడు మర్చిపోవాలని పట్టుబట్టడం దేనికి? అది ఆఖర్న ఎక్కాల్సిన మెట్టు, మొదటిది కాదు.

రోప్‌వే పై స్టేషన్ దగ్గర గంట కూర్చున్నాం. వాడు వచ్చేపోయే క్యాబిన్లని లెక్కపెడుతూ, దిగేవాళ్ల మొహాలు చూస్తూ ఉన్నాడు. తర్వాత వెళ్లి అక్కడ పనిచేసే అన్నని అడిగాడు, "మధ్యలో ఆగిపోతుందా?" అని. ఆగనే ఆగదు అంటాడేమో, రేపు ఆగితే నా పని అయిపోతుందని నాకు టెన్షన్. ఆయన మాత్రం "ఎక్కేవాళ్ల కోసం ఒక్కోసారి ఆపుతాం బాబూ. కొంచెం ఊగుతుంది. మళ్లీ కదులుతుంది" అన్నాడు. జెయింట్ వీల్ రోజున ఎవరైనా ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే! వదిన, మేనకోడలు రోప్‌వేలో దిగారు. మేం ఆటోలోనే దిగాం.

రాత్రి వదిన పైడితల్లి సిరిమాను కబుర్లు చెప్పింది. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో అంత పొడవు మాను కొసన పూజారిగారు కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతారు కదా, ఆయనకి భయం వెయ్యదా అని మావాడి ప్రశ్న. "వేస్తుందేమోరా, గట్టిగా పట్టుకుంటారు మరి" అంది వదిన. ఆ జవాబు వాడికి నచ్చినట్టుంది.

మూడో రోజు పొద్దున్నే, ఎండ ముదరకముందే అప్పుఘర్ వైపు, రోప్‌వే కింది స్టేషన్‌కి వెళ్లాం. కడుపు నిండా తినిపించలేదు, రెండు ఇడ్లీలే. దిగడం కాకుండా ఎక్కడమే ముందు పెట్టుకున్నాం, కొండ వైపు మొహం పెట్టి కూర్చుంటే లోయ వీపు వెనక ఉంటుందని. ఎత్తులో తల తిరగడానికి ఒక కారణం కళ్లకి దగ్గర్లో ఆనే వస్తువు లేకపోవడమట. అందుకని చేతికి కడ్డీ, కంటికి పక్కన ఉన్న చెట్లు అని ముందే అనుకున్నాం. క్యాబిన్ తలుపు మూసేటప్పుడు ఆరో అంతస్తు. కదలగానే కళ్లు మూసేశాడు. సగం దారిలో నిజంగానే ఆగింది, ఊగింది కూడా. నా చెయ్యి నొక్కి, కళ్లు మూసుకునే, "ఎక్కేవాళ్ల కోసం" అన్నాడు. కదిలాక ఒక కన్ను తెరిచాడు. పైన దిగేసరికి ఎన్నో అంతస్తు అని నేను అడగడం మర్చిపోయాను, వాడూ చెప్పలేదు.

రోప్‌వేలోనే దిగుదాం బావా అని మేనకోడలు చెయ్యి పట్టుకు లాగింది. వద్దన్నాడు. సరేనన్నాం. ఘాట్ రోడ్డులో ఆటోవాడు అద్దంలోంచి చూసి, "ఏటి బాబూ, రోప్‌వే ఎక్కలేదేటి?" అన్నాడు.

"ఎక్కాను. పైకి మాత్రమే."